పుట్టుకతో వచ్చిన పని

సోమవారం పొద్దున రోజారమణి వచ్చేసరికి అటెండరు హజరత్తయ్య గది ఊడ్చి, మూడు గ్లాసుల్లో నీళ్ళు పోసి, బల్ల మీద కొత్త ఫైలు పెట్టి ఉంచాడు. కుర్చీలు మాత్రం ఎదురెదురుగా వేశాడు. ఆమె బ్యాగు కిటికీ గట్టు మీద పెట్టి, ఆ రెండు కుర్చీలనూ కొంచెం ఏటవాలుగా జరిపింది. కొట్టుకున్న పిల్లల్ని ఎదురెదురుగా కూర్చోబెడితే ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్ళీ మొదలుపెడతారు. పక్కపక్కన కూర్చోబెడితే మోచేతులు తగులుతాయి. ఏటవాలుగా వేస్తే ఇద్దరూ ఆమె వైపే చూస్తారు.

తలుపు మీద ‘విద్యార్థి ప్రవర్తన, వివాద పరిష్కార విభాగం’ అని బోర్డు ఉంది. పిల్లలు దాన్ని రాజీ గది అంటారు. రోజారమణి జువాలజీ ప్రొఫెసరు. ఆరేళ్ళ కిందట ‘ఒక్క ఏడాది చూడండి మేడమ్’ అని రిజిస్ట్రారు ఈ విభాగం అప్పగించాడు. ఆ ఏడాది ఇంకా అయిపోలేదు. హాస్టల్లో బకెట్టు దగ్గర తగాదా, మెస్సులో వరస దగ్గర తగాదా, ఫోనులో పెట్టిన ఫోటో గురించి తగాదా, అన్నీ ఈ బల్ల దగ్గరికే వస్తాయి. ఒక్కటి కూడా తెగకుండా పోలేదని యూనివర్సిటీలో ఆమెకు పేరు. ఈమధ్య ఎవరైనా ఆ మాట అంటే ఆమెకు సంతోషం కలగడం లేదు. మోకాలు నొప్పి మాత్రం గుర్తొస్తుంది.

ఫైలు తెరిచింది. ఫిర్యాదు చేసింది సుకుమార్, ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడాది. శనివారం ఫీల్డు ట్రిప్పులో బకింగ్‌హామ్ కాలవ గట్టు మీద తోటి విద్యార్థి కిషోర్ తనను తోసేశాడనీ, రాళ్ళ మీద పడి కుడి మణికట్టు విరిగిందనీ రాయించాడు. కింద సంతకం ఎడమచేత్తో చేసినట్టు వంకరగా ఉంది. వెనక ఎక్స్‌రే, డాక్టరు చీటీ. వాటి వెనక కిషోర్ ఇచ్చిన సంజాయిషీ, రెండే వాక్యాలు: ‘శనివారం నేను సుకుమార్‌ను తోసిన మాట నిజం. మీరు ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటాను.’

ఇద్దరూ ఆమె దగ్గర చదువుకుంటున్న వాళ్ళే. ఆమె కిషోర్‌ను పిలిపించింది. సన్నగా, పొడుగ్గా ఉండే కుర్రాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

“ఎందుకు తోశావు?”

“కోపం వచ్చింది మేడమ్.”

“ఎందుకొచ్చింది?”

కిషోర్ గ్లాసులో నీళ్ళ వైపు చూశాడు. తాగలేదు. “ఏం లేదు మేడమ్. నాదే తప్పు. ఇంటికి ఫోన్ చేస్తారా?”

“చెయ్యి విరిగింది నాయనా. ఇద్దరి ఇళ్ళకీ కబురు పెట్టాల్సిందే.”

“మా నాయన రాకపోతే కుదరదా?”

“కుదరదు.”

కిషోర్ లేచి వెళ్ళిపోయాడు. తప్పు ఒప్పుకున్నవాడితో పని సులువు అనుకుని, ఆమె ఫైలు మీద చిన్న టిక్కు పెట్టింది.

మధ్యాహ్నం సుకుమార్ వాళ్ళ నాన్నతో వచ్చాడు. విజయభాస్కర్‌కు నెల్లూరు శివారులో రైసు మిల్లు ఉంది. గట్టిగా అరవడానికే వచ్చిన మనిషి, కొడుకును కుర్చీలో కూర్చోబెట్టి, కట్టు ఉన్న చేతిని వాడి ఒళ్ళో సర్దిన తరవాత గొంతు తగ్గిపోయింది.

“మూడు రోజులుగా అన్నం నేనే కలిపి పెడతా ఉండా మేడమ్. ఇరవై రెండేళ్ళ వయసొచ్చినోడికి. వచ్చే నెల్లో పరీక్షలు. కుడిచెయ్యి లేకుండా ఏం రాస్తాడు? ఆ పిలగాణ్ణి మీరు సస్పెండ్ చేస్తారా, నన్ను పోలీసుల దగ్గరికి పొమ్మంటారా?”

“అసలేం జరిగింది సుకుమార్?”

“ఏం జరగలేదు మేడమ్. వల ఇచ్చినా. రోజూ చేసే పనే. ఊరికే తోసేసినాడు.”

‘రోజూ చేసే పనే’ అన్న మాట ఆమె కాగితం మీద రాసుకోలేదు. వాళ్ళు వెళ్ళగానే రిజిస్ట్రారు ఫోన్ చేశాడు. వచ్చే సోమవారం తనిఖీ బృందం వస్తోంది, గురువారం లోపు ఇది ముగిసిపోవాలి, పోలీసులూ పేపర్లూ వద్దు, రాజీ అయితే అందరికీ మంచిది. ఆమె సరేనంది. సొరుగులోంచి అచ్చువేసి ఉంచిన రాజీ పత్రం తీసింది. ‘జరిగిన దానికి ఇరువురమూ చింతిస్తున్నాము’ అన్న వాక్యం ముందే ఉంటుంది. పేర్లకు మాత్రం ఖాళీలు.

మంగళవారం ఉష వచ్చింది. కిషోర్‌కూ సుకుమార్‌కూ క్లాస్‌మేటు, శనివారం గట్టు మీద దగ్గరే ఉన్న మనిషి. ఛాతీకి ఆనించి ఒక రికార్డు పుస్తకం పట్టుకొచ్చింది. సాక్షులు ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకొస్తారు, చేతులు ఖాళీగా ఉండకూడదని.

“సుకుమార్ వల అందించినాడు మేడమ్, ఎప్పుడూ ఇచ్చినట్టే. కిషోర్ ‘ఈసారి నువ్వు దిగు’ అన్నాడు. సుకుమార్ నవ్వి, ‘నాకేడ వస్తాదిరా, మీకైతే పుట్టుకతో వస్తాది గదా’ అన్నాడు. కిషోర్ తీసుకోలా. అప్పుడు సుకుమార్ వల ఎత్తి వాడి భుజం మీద వేసినాడు. తడి వల మేడమ్, బురద. ఆ రోజు కిషోర్ తెల్లచొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నాడు. మధ్యాహ్నం నెల్లూరులో రొయ్యల ల్యాబులో ఇంటర్వ్యూ ఉండింది వాడికి.”

“వెళ్ళాడా?”

“ఆ చొక్కాతో ఎట్టా పోతాడు మేడమ్?”

రోజారమణి రాసుకుంది. ఉష లేవలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి, పేజీలు తిప్పింది. చక్కటి బొమ్మలు, నమూనాల పేర్లు, పట్టిన తేదీలు. ప్రతి పేజీ కింద ‘స్వయంగా సేకరించితిని’ అని రాసి ఉంది.

“ఇందులో ఒక్కటి కూడా నేను పట్టలేదు మేడమ్. కిషోర్ దిగి పడతాడు, కడుగుతాడు, సీసాల్లో వేస్తాడు. మేం గట్టు మీద నిలబడి పేర్లు అంటించుకుంటాం. నావే కాదు, పద్దెనిమిది మందివీ అంతే.”

“అతన్ని చెయ్యమని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలా. మొదట్నించీ అంతే మేడమ్.”

ఉష వెళ్ళాక రోజారమణి కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకుంది. ఇది కూడా ఆమెకు కొత్త కాదు. ఒకడు ఇంటి వృత్తి ఎత్తి ఎగతాళి చేస్తాడు, ఇంకొకడు చెయ్యి చేసుకుంటాడు. ఎగతాళికి ఒక విచారం, చేతికి ఒక క్షమాపణ. రాజీ పత్రంలో ఖాళీలు నింపింది. సాయంత్రం లోపు రెండు సంతకాలూ అయిపోవచ్చు అనుకుంది. సుకుమార్ పెడతానన్నాడు. కిషోర్ కాగితం చదివి, ‘ఇరువురమూ చింతిస్తున్నాము’ అన్న చోట వేలు ఆనించి, “నా వరకు వేరే కాగితం ఇవ్వండి మేడమ్, ఏ శిక్షయినా రాసి పెడతా. ఇది వద్దు,” అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆమె బతిమాలలేదు. అంత ఓపిక లేకపోయింది. రాజీ కుదరకపోతే ఫైలు గురువారం కమిటీ ముందుకు వెళుతుంది.

బుధవారం పదకొండింటికి కిషోర్ వాళ్ళ నాన్న వచ్చాడు. పేరు ముత్యాలయ్య. చిట్టమూరు మండలంలో పులికాట్ సరస్సు ఒడ్డునున్న పల్లె. రెండు బస్సులు మారి వచ్చానన్నాడు. పెట్టెలోంచి తీసిన చొక్కా మీద మడతల గీతలు నిలువుగా, అడ్డంగా ఉన్నాయి. కూర్చోమంటే కూర్చున్నాడు కానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద బోర్లించాడు. వల దారం కోసిన గీతలు వేళ్ళ నిండా తెల్లగా మెరుస్తున్నాయి.

“ముందు ఆ దెబ్బ తగిలిన పిలగాడు ఎట్టుండాడమ్మా? నేనొకసారి చూసి పోతా.”

“బాగానే ఉన్నాడు. నెలన్నరలో కట్టు తీస్తారు.”

“మావోడు చెయ్యి చేసుకునే రకం కాదు. ఇంట్లో మాటకు మాట చెప్పేవోడు గూడా కాదు. ఏం మాట్లాడుకున్నారో ఏందో.”

ఆయన భయం పోగొట్టాలని రోజారమణి మంచిమాటగా అంది: “మీ అబ్బాయి మీద మాకు చెడ్డ అభిప్రాయం లేదు ముత్యాలయ్య గారూ. నీళ్ళలో దిగే పనికి క్లాసంతటికీ అతనే దిక్కు. చిన్నప్పటి నుంచి మీతో వేటకొచ్చి ఉంటాడు కదా, వల విసిరితే గుండ్రంగా పడుతుంది.”

ముత్యాలయ్య అర్థం కానట్టు చూశాడు. “ఎవురు? మావోడా?”

“కిషోరే.”

“వాడు వల పట్టి ఎరగడమ్మా.” ఆయన చిన్నగా నవ్వాడు, ఆమె ఇంకెవరి గురించో చెబుతోందనుకుని. “నేను పట్టనియ్యలా. ఐదో క్లాసులో ఒకనాడు ఎవురికీ తెలీకుండా పడవెక్కినాడు. బెత్తం ఇరిగిందాకా కొట్టినా. మా ఆడది నాగులమ్మ చేపలు కోసేటప్పుడు గూడా వాణ్ణి పక్కన కూచోనిచ్చేది కాదు. ఈత నేర్పించినా, అంతే. మా పల్లెలో వల రాని పిలకాయ వాడొక్కడే.” ఆ చివరి మాట గర్వంగా అన్నాడు. మరుక్షణం మొహంలో ఏదో కదిలింది. “ఏందమ్మా, ఈడ వాడికి వలతో ఏం పని?”

రోజారమణి నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది. “పాఠంలో భాగమండీ. అందరూ చేస్తారు.”

“అందరూ చేసేదైతే సరేలేమ్మా,” అన్నాడు ముత్యాలయ్య. మోకాళ్ళ మీద బిగిసిన చేతులు వదులయ్యాయి.

హజరత్తయ్యను పిలిచి, ఆయన్ని క్యాంటీనుకు తీసుకెళ్ళి టీ ఇప్పించమంది. వాళ్ళు వరండా దాటేదాకా చూసి కూర్చుంది.

మొదట్నించీ అంతే, అంది ఉష. ఆ మొదలు ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. కిందటేడాది జూలై, ఆ బ్యాచికి మొదటి ఫీల్డు ట్రిప్పు. తీసుకెళ్ళింది తనే. పెన్న సముద్రంలో కలిసే చోట, మోకాలి లోతు బురద. హాజరు పట్టీలో ఊళ్ళ పేర్లు కూడా ఉంటాయి. “కిషోర్, మీది పులికాట్ వైపు గదా. నువ్వు దిగు నాయనా, నీకు చెప్పాల్సిన పని లేదు,” అంది. ఆ అబ్బాయి కాసేపు అక్కడే నిలబడ్డాడు. తరవాత ప్యాంటు మడిచి దిగాడు. వల ముద్దలా పడింది. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. “కొత్త నీళ్ళు గదా, అలవాటవుతుందిలే,” అని కూడా అంది. మూడో ట్రిప్పుకు వల గుండ్రంగా పడింది. అప్పుడు ఎవరూ ఏమీ అనుకోలేదు.

రోజారమణిది సంగం దగ్గర వరి పండించే ఇల్లు. నారు కట్ట ఎలా పట్టుకోవాలో ఆమెకు తెలియదు. చదువుకున్న రోజుల్లో కానీ, ఈ ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో కానీ, నీకు పుట్టుకతో వచ్చి ఉంటుంది కదా, పొలంలోకి దిగు అని ఆమెను ఎవరూ అనలేదు.

కిషోర్ వచ్చాడు. ఈసారి ఆమె ఫైలు తెరవలేదు.

“వల విసరడం ఎక్కడ నేర్చుకున్నావు?”

అతను గబుక్కున తలుపు వైపు చూశాడు. “మా నాయనకు చెప్పేసినారా?”

“లేదు. నీకు రాదని ఆయన నాకు చెప్పాడు.”

కిషోర్ వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు. “ఇక్కడే మేడమ్. హాస్టలు వెనక గ్రౌండులో. ల్యాబు నుంచి పాత వల తీసుకొని పొద్దున్నే పోయేవాణ్ణి. ఫోన్లో వీడియోలు చూసి. పదిహేను రోజులు పట్టింది.”

“రాదని నాతో చెప్పొచ్చు గదా.”

“ఎట్టా చెప్పేది మేడమ్? అంతమందిలో ‘నీకు చెప్పాల్సిన పని లేదు’ అన్నారు. రాదంటే, చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టి వల రాదా అని నవ్వుతారు. వచ్చంటే దిగమంటారు. దిగడమే నయం అనిపించింది. సుకుమార్ మంచోడే మేడమ్. వాడు కొత్తగా ఏమీ అనలా. మొదట దించింది మీరే.”

గొంతులో కోపం లేదు. అందువల్ల ఆమెకు ఏదో ఒకటి చెప్పి తప్పుకునే దారి దొరకలేదు.

“రేపు కమిటీలో ఇది చెప్పకపోతే నువ్వు ఊరికే కొట్టినట్టే ఉంటుంది.”

“ఉండనీండి. మా నాయన ఇన్నేళ్ళు నన్ను నీళ్ళకు దూరంగా పెట్టినాడు. ఆ మనిషికి, నేను యూనివర్సిటీకి వచ్చి ఇదే చేస్తా ఉండానని ఎట్టా చెప్పేది?”

“నేను చేసింది నేను రాస్తాను. కానీ నీ పేరు లేకుండా రాయడం కుదరదు. నువ్వు వద్దంటే రాయను.”

“పొద్దున చెబుతా మేడమ్,” అని లేచాడు.

గురువారం తొమ్మిదిన్నరకు ఆమె స్కూటర్ స్టాండు వేసేసరికి కిషోర్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. రాత్రి తండ్రీకొడుకులు నెల్లూరులో బంధువుల ఇంట్లో ఉన్నారు.

“రాయండి మేడమ్. మా నాయన్ని మాత్రం లోపలికి పిలవద్దు. ఆయనకు నేనే చెప్పుకుంటా.”

ఆమె గదిలోకి వెళ్ళి రాసింది. పిల్లలకు చెప్పే పద్ధతే: ఏం జరిగిందో రాయండి, ఎందుకు జరిగిందో తరవాత. మూడుసార్లు చించి నాలుగోసారి ఒక పేజీకి తెచ్చింది. పదకొండున్నరకు సమావేశం. రిజిస్ట్రారు, మహిళా హాస్టలు వార్డెను మగ్దలీనమ్మ, కిషోర్, సుకుమార్, విజయభాస్కర్. ముత్యాలయ్య బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు.

“ఈ విచారణ నేను నడపలేను,” అంది రోజారమణి. “ఈ తగాదాలో నేనూ ఒక పక్షాన్ని.” ముందు ఉష చెప్పిన సాక్ష్యం, తరవాత తన పేజీ నిలబడే చదివింది. జూలైలో తానన్న మాట అన్నట్టుగానే చదివింది. అప్పటికి అతనికి వల రాదన్న సంగతి, తాను నవ్విన సంగతి కూడా. పద్దెనిమిది రికార్డుల కింద ‘స్వయంగా సేకరించితిని’ అన్న చోట తనిఖీ చేసి సంతకం పెట్టింది కూడా తానేనని చదివి, కాగితం ఫైల్లో పెట్టింది.

రిజిస్ట్రారు మొహం ఎర్రబడింది. “ఏందండీ ఇది? తనిఖీ ముందర రికార్డులన్నీ తప్పని మీరే రాసిస్తారా?”

“తప్పే కదండీ.”

విజయభాస్కర్ విసుగ్గా కదిలాడు. “మీరు తప్పు చేసినారని చదివితే మావోడి చెయ్యి అతుక్కుంటాదా మేడమ్?”

“అతుక్కోదు,” అంది ఆమె.

సుకుమార్ బల్ల వైపు చూస్తూ అన్నాడు: “వాడికి రాదని నాకు తెలీదు మేడమ్. నిజంగా.”

“నువ్వు అడగలేదు గదరా,” అన్నాడు కిషోర్. తరవాత లేచి, రిజిస్ట్రారుతో కాకుండా సుకుమార్‌తోనే అన్నాడు: “చెయ్యి ఇరగడం నా తప్పే. దానికి క్షమించమంటా ఉండా. మిగతా దానికి చెప్పను.”

సుకుమార్ ఎడమచెయ్యి ఎత్తి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. విజయభాస్కర్ కొడుకు వైపు చూశాడు. “వాడి చొక్కా మీద వల వేసినావంట, నిజమేనా?” సుకుమార్ తల ఊపాడు. ఆయన ఇంక పోలీసుల మాట ఎత్తలేదు.

ఒంటిగంటకు నిర్ణయం వచ్చింది. కిషోర్‌కు పది రోజుల సస్పెన్షన్. సుకుమార్‌కు లిఖితపూర్వకంగా హెచ్చరిక. మొత్తం క్లాసు ప్రాక్టికల్స్ మళ్ళీ చెయ్యాలని మగ్దలీనమ్మ పట్టుబట్టింది. చివరి వాక్యం రిజిస్ట్రారు తనే చెప్పి రాయించాడు: తదుపరి ఉత్తర్వుల వరకు విభాగం బాధ్యతలు మగ్దలీనమ్మ చూస్తారు. రోజారమణి తాళంచెవి బల్ల మీద పెట్టింది. వరండాలోకి వచ్చాక మగ్దలీనమ్మ ఆమె చెయ్యి నొక్కి, “ఇన్నాళ్ళూ దీన్ని ఎట్టా మోశారో తల్లీ,” అంది. రోజారమణికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఆకలి వేస్తోందని మాత్రం తెలిసింది.

గేటు బయట బస్సు స్టాపులో తండ్రీకొడుకులు నిలబడి ఉన్నారు. ఎండ మండుతోంది. ఆమె స్కూటర్ ఆపి దిగింది. వాళ్ళ మధ్య మాట అప్పటికే జరిగిపోయిందని ముత్యాలయ్య నిలబడిన తీరే చెబుతోంది. భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉన్నాడు.

“నిన్న మీకు అబద్ధం చెప్పాను,” అందామె. “అది అందరూ చేసే పని కాదు. మీ అబ్బాయి ఒక్కడే చేశాడు. మొదట చెయ్యమంది నేను.”

ముత్యాలయ్య ఆమె వైపు చూశాడు. తిట్టలేదు. పరవాలేదనీ అనలేదు. ఆమె వెళ్ళిపోవాలో ఉండాలో తెలియక స్కూటర్ పట్టుకుని నిలబడింది. కాసేపటికి ఆయన కొడుకు వైపు తిరిగాడు.

“ఎట్టా ఇసిరేవోడివి?”

“వద్దులే నాయనా.”

“చూపించు.”

కిషోర్ చేతిలో సంచి కింద పెట్టాడు. ఉత్త చేతులు ఎత్తాడు. లేని వలను ఎడమ భుజం మీద కొంత వేసుకున్నాడు, మిగతాది కుడిచేతిలోకి తీసుకున్నాడు, అంచును రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేసి, భుజాలు తిప్పి, రోడ్డు మీదికి విసిరాడు. స్టాపులో కూర్చున్న ముసలామె ఒకతె తలెత్తి చూసింది. కిషోర్ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

ముత్యాలయ్య చెయ్యి దానంతట అదే లేచి కొడుకు మోచేతి దాకా పోయింది. విసరాల్సింది భుజాలతో కాదు, నడుముతో. మోచెయ్యి అంత పైకి లేవకూడదు. ఆ పొరపాటు ఆయన కళ్ళకు తప్ప అక్కడ ఇంకెవరికీ కనిపించేది కాదు. వేళ్ళు చొక్కా చేతిని తాకీ తాకనట్టు ఆగాయి.

“తప్పుగా ఉండాది,” అన్నాడు.

తరవాత చెయ్యి వెనక్కి తీసుకుని, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

“ఉండనీ. అట్టనే ఉండనీ.”